అన్నీ పోను

ఇంకా యాభై నిమిషాలుంది. మసీదు వరండా గోడ మీది గడియారం ఐదూ ఇరవై తొమ్మిది చూపిస్తోంది, ఈ రోజు మగ్రిబ్ నమాజు ఆరూ పంతొమ్మిదికి, ఈ యాభై నిమిషాలూ నోరు కట్టుకుని కూర్చుంటే చాలు, ఆ తర్వాత నాసిర్‌ని పక్కకు పిలిచి ఆ మాట చెప్పేయొచ్చు అనుకున్నాడు కరిముల్లా. చెప్పాలంటే ఇప్పుడే చెప్పొచ్చు. నాసిర్ ఎక్కడికో పోలేదు, అదిగో పది అడుగుల దూరంలో చేతులు పైకి మడిచి, అరటిపళ్లు ముక్కలు కోసేవాళ్లకి సైజు చెబుతున్నాడు. 'నాసిర్, మీ లిస్టులో నా పేరు పొరపాటున పడింది, కొట్టెయ్' అంటే సరిపోతుంది, ఏడెనిమిది మాటలు. కానీ ఆ ఏడెనిమిది మాటలూ అబద్ధం. తెల్లవారుజామున సహరీ ముగించినప్పటి నుంచీ చుక్క నీళ్లు ముట్టని నోటితో అబద్ధమాడితే ఆ రోజా రోజా కాదు, వట్టి పస్తు అని చిన్నప్పుడు అరబ్బీ అక్షరాలు దిద్దించిన హజరత్ బెత్తం ఊపుతూ చెప్పేవాడు. అదే ఖర్జూరం నోట్లో పడ్డాక చెబితే అది మామూలు అబద్ధం, ఆటోనగర్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరూ అందరికీ చెప్పుకునేలాంటిది. ఇలా అల్లాతో గడియారం చూసి బేరమాడొచ్చా అన్న ప్రశ్న మధ్యాహ్నం నుంచీ అతని గొంతులో దాహం పక్కనే కూర్చుని ఉంది. ఆయనకి తెలియదా, ఇప్పుడు ఈ గుండెలో ఉన్నది? తెలుసు. తెలిసే ఈ యాభై నిమిషాలు ఇచ్చాడేమో.

గుమ్మం పక్క నల్లబల్ల మీద సుద్దముక్కతో పొద్దున్నే రాసేశారు. పదిహేనో రోజా, ఈ రోజు ఇఫ్తార్, జనాబ్ షేక్ కరిముల్లా గారు. లోపలికి వచ్చిన ప్రతివాడూ చెప్పులు విడుస్తూ ఆ బల్ల చదువుకుని, అతనికేసి చూసి, చెయ్యి గుండెల మీద పెట్టుకుని సలాం చెబుతున్నాడు. పెరట్లో పొయ్యి మీద గంజి కుతకుతమంటోంది, అల్లం వెల్లుల్లి వాసన, పుదీనా వాసన, కైమా వాసన, ఆ వాసనలన్నీ తన డబ్బే అని అతనికి అనిపించింది. తన డబ్బు కాదు, హనుమయ్య గారి డబ్బు. పదేళ్లుగా పదిహేనో రోజా అతనిదే. పోయిన రంజాన్‌లోనే ఈ ఏటికి కూడా తనకే రాసిపెట్టమన్నాడు, నూట ఇరవై మందికి ఖర్జూరాలూ పళ్లూ సమోసాలూ గంజీ, ఏడున్నర వేలు. నిన్న సీటు వర్క్స్‌లో రెక్సిన్ షీటు పరిచి లారీ సీటుకి గీతలు గీస్తూ, గీస్తూ, యజమాని హనుమయ్య గారు ఫోను మాట్లాడ్డం అయ్యేదాకా ఆగి అడిగాడు. "ఏంటయ్యా కరిముల్లా, మీ పండక్కి ఇంకా పదిహేను రోజులుందిగా, ఇప్పుడే అడ్వాన్సా?" అన్నాడాయన, నవ్వుతూనే. "ఎవరికో అన్నం పెట్టడానికి నా దగ్గర అడ్వాన్సు తీసుకుంటే ఆ పుణ్యం నీకొస్తుందా, నాకొస్తుందా? సగం సగం రాయించు మరి." దానికి అతనూ నవ్వాడు. నవ్వి, నోట్లు లెక్కపెట్టుకోకుండా జేబులో పెట్టుకున్నాడు, లెక్కపెట్టుకుంటే అవసరంలో ఉన్నట్టు కనబడుతుందని. ఆ పుణ్యం ఎవరిది అన్నది మాత్రం రాత్రంతా అతన్ని వదల్లేదు. నిజంగా ఎవరిది?

హనుమయ్య గారికి అతనంటే గౌరవం, ఎందుకంటే అతను కోస్తే ముక్క మిగలదు. మిగతావాళ్లు ఒక షీటులో రెండు సీట్లూ ఒక తలదిండూ తీస్తే అతను రెండు సీట్లూ రెండు తలదిండ్లూ తీసి, పక్కన మిగిలిన పట్టీలతో అంచులకి పైపింగ్ కూడా లాగేస్తాడు. అడుగున ఊడవడానికి చారెడు పీలికలు ఉంటే ఎక్కువ. మిగలకుండా కోయడమే పనితనం అని ముప్పై ఏళ్లు మెచ్చుకున్నారు. జీతాన్ని కూడా అలాగే కోస్తున్నాడు ఇప్పుడు, అంచుకి అంచు ఆనించి, పీలిక మిగలకుండా, కానీ దాన్ని ఎవరూ పనితనం అనరు. అఫ్సా దాన్ని సున్నా అని రాసుకుపోయింది.

అఫ్సా నాసిర్ భార్య. ఈ ఏడు జకాత్ పద్ధతిగా పంచాలని నాసిర్ పట్టుబట్టాడు, సెల్‌ఫోన్ల కొట్టు నడిపేవాడు, కంప్యూటర్లో ఫారం తయారుచేశాడు. ఏడాది పొడుగునా ఇంట్లో నిలిచి ఉన్న సొమ్ములో నూటికి రెండున్నర తీసి లేనివాళ్లకివ్వడం ధర్మం, ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు, తీసుకోవలసినవాళ్లెవరో సరిగ్గా తేలడం లేదు, మొహమాటాలతో పాత పేర్లే నడుస్తున్నాయి అన్నాడు. అందుకని పేటలో ఇంటింటికీ వెళ్లి అడగాలి. ఎవరి వీధి వాళ్లు అడక్కూడదు. ఫారంలో పదకొండు గడులు, చివరి గడి పేరు 'నెల ఖర్చులన్నీ పోను మిగులు'. వెయ్యికి లోపు మిగిలే ఇళ్లు లిస్టులోకి వస్తాయి, వాళ్లకి రంజాన్ సరుకులతో పాటు చదువుకునే ఒక బిడ్డ ఫీజు మసీదు కమిటీ కడుతుంది. ఆ మాట వినగానే శభాష్ అన్నవాళ్లలో కరిముల్లా మొదటివాడు. కాలవగట్టు వీధి అతను తీసుకున్నాడు. అతని వీధికి అఫ్సా వచ్చింది, మొన్న మధ్యాహ్నం, అతను ఆటోనగర్లో ఉండగా. "ఖాలా, అన్నీ పోను ఎంత మిగులుద్ది?" అని అడిగిందట. "మిగలదమ్మా, తగ్గుద్ది" అందట అతని భార్య నజీమా. "తగ్గేదానికి ఇక్కడ గడి లేదు ఖాలా." "అయితే సున్నా ఏసుకో." అంతే, సున్నా వేసుకుని, గ్లాసెడు మంచినీళ్లు కూడా ముట్టకుండా, అదీ రోజాలోనే ఉంది కదా, పక్కింటికి వెళ్లిపోయింది.

ఆ సంగతి నజీమా ఇవాళ సహరీ దగ్గర చెప్పింది, అతను ముద్ద కలుపుతుండగా, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా. నీకు నోరెలా వచ్చింది అన్నాడు. "రోజాలో ఉండి అబద్ధం చెప్పమంటారా?" అంది. చెప్పొద్దు, ఊరుకోవచ్చుగా, మా ఆయన్ని అడగమ్మా అనొచ్చుగా అన్నాడు. "ఊరుకుంటే మీ కమిటీవాళ్లు పద్దెనిమిది వేలు మీ టోపీలో పోస్తారా?" పక్కగదిలో కూతురు జుబియా లేచే ఉంది, చప్పుడు చేయడం లేదు. జుబియా నర్సింగ్ రెండో సంవత్సరం. నెలాఖరులోగా పద్దెనిమిది వేలు కట్టకపోతే ఆసుపత్రి డ్యూటీకి రానివ్వరట, డ్యూటీ గంటలు తగ్గితే పరీక్షకి కూర్చోనివ్వరట. ఆ పిల్ల ఒక్కసారి చెప్పింది, మళ్లీ అడగలేదు. అడగని పిల్ల ఎదుట తండ్రి ఎంతసేపు కూర్చోగలడు? బజారు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే మళ్లీ బయటికి పోవడం అతనికి ఈమధ్య అలవాటైంది.

ఇంకా ముప్పై ఎనిమిది నిమిషాలు. పిల్లలు వరసగా పొడుగు గుడ్డలు పరిచి పళ్లేలు సర్దుతున్నారు, పళ్లేనికి మూడు ఖర్జూరాలు, నాలుగు అరటి ముక్కలు, ఒక పుచ్చకాయ ముక్క, ఒక సమోసా. ఎవడో రెండు సమోసాలు పెడుతుంటే, ఒకటే పెట్టరా అని తనే అరిచి, అరిచినందుకు సిగ్గుపడ్డాడు. ఇలాంటి మనిషి కాదు అతను. బుడమేరు వరద రాకముందు ఇలాంటి మనిషి కాదు. అప్పుడు నిజంగానే మిగిలేది, నెలకి మూడు వేలో నాలుగో, నజీమా బియ్యం డబ్బాలో ప్లాస్టిక్ కవరులో పెట్టేది, రంజాన్ వచ్చేసరికి ఆ కవరు లావెక్కేది. సెప్టెంబరులో ఒక ఆదివారం పొద్దున చూస్తుండగానే వీధిలోకి నీళ్లొచ్చాయి, కాసేపట్లో మోకాళ్లు, ఇంకాసేపట్లో నడుము, ఎదురింటి డాబా మీద నాలుగు పగళ్లూ నాలుగు రాత్రులూ. ఫ్రిజ్ తలుపు తన్నుకుని తేలుతూ వచ్చి గుమ్మానికి అడ్డం పడింది. నజీమా కుట్టుమిషను మునిగింది, ఇంట్లో రెండో సంపాదన అదే. నీళ్లు దిగాక జానెడు బురద, ఆ బురదలోనే బియ్యం డబ్బా, దాంట్లో కవరు. ప్రభుత్వం ఇచ్చిన డబ్బు మంచాలకీ పరుపులకీ పోయింది. మిగతావి వాయిదాల మీద వచ్చాయి, ఫ్రిజ్, మిక్సీ, గ్యాస్ పొయ్యి, జుబియా ఫోను. నజీమా నాలుగు తులాలూ అక్టోబరులో బ్యాంకుకెళ్లాయి, ఇంకా అక్కడే ఉన్నాయి, ప్రతి నెలా వాటికి వడ్డీ రూపంలో తిండి పెడుతున్నాడు. నీళ్లు పోయి ఏడాదిన్నర అయింది. వాయిదాలు మాత్రం గోడ మీది నీటి చార లాగా ఎంత సున్నం వేసినా కనబడుతూనే ఉన్నాయి. ఇరవై ఆరు వేలు వస్తాయి. అద్దె, వడ్డీ, వాయిదాలు, కరెంటు, గ్యాసు, బియ్యం, అమ్మ షుగరు మందులు, బండికి పెట్రోలు, ఇలా ఒక్కొక్కటీ కోసుకుంటూ పోతే ఇరవై మూడో తారీఖుకి షీటు అయిపోతుంది. మిగతా వారం రోజులూ ఏ షీటులోంచి కోస్తున్నాడో అతనికే సరిగ్గా తెలియదు.

అయినా పోయిన రంజాన్‌లో ఎనిమిది వేలు జకాత్ ఇచ్చాడు. ఎప్పటిలాగే నాలుగు తులాలకీ లెక్కకట్టి, నూటికి రెండున్నర చొప్పున, ఆ పైన ఏదో తగ్గించుకుని, చీటీ పాడి తెచ్చి ఇచ్చాడు. కుదువలో ఉన్న బంగారానికి జకాత్ లేదనీ, అప్పు మోస్తున్నవాడు ముందు తన అప్పు చూసుకోవాలనీ ఇమాం సాహెబ్ ఆ తర్వాత ఎప్పుడో శుక్రవారం బయాన్‌లో చెప్పాడు. మెత్తగా, అందరికీ కలిపి చెప్పాడు. కరిముల్లా తల వంచుకుని చాప పోగులు లెక్కపెట్టాడు. చెవుల్లో పడ్డ మాట అదే అయినా, గుండె మీద పడ్డ మాట వేరే. ఇచ్చినవాళ్ల పేర్లు మైకులో చదువుతారని తెలియకపోతే తను ఆ ఎనిమిది వేలూ ఇచ్చేవాడా? ఇవ్వవలసిన పని లేనప్పుడు ఇచ్చినది అల్లా ఏ ఖాతాలో వేసుకుంటాడు? దానం అంటాడా, దర్జా అంటాడా? ఎవరిని అడగాలి ఇలాంటివి? ఇమాం సాహెబ్‌ని అడిగితే ముందు తన ఇంటి సంగతంతా విప్పి చెప్పాలి.

ఎదురు వరసలో పీరు వచ్చి కూర్చున్నాడు. ఉతికి ఆరేసిన లుంగీ, పక్కన రెంచీల సంచీ. కుక్కర్లూ గ్యాస్ పొయ్యిలూ బాగుచేస్తూ సైకిలు మీద తిరిగే ముసలాయన, కాలవగట్టున ఒక్క గదిలో ఆయనా భార్యా. ఆరేళ్లుగా లిస్టులో ఉన్న పేరు, ఆరేళ్లూ సరుకుల సంచీ గుమ్మంలో దింపింది కరిముల్లానే. పోయిన వారం ఫారం పట్టుకుని వెళితే స్టూలు తుడిచి వేశాడు. చాచా, అన్నీ పోను ఎంత మిగులుద్ది అని అడిగితే పీరు వేళ్లు ముడుస్తూ పైకే లెక్క చెప్పాడు. అద్దె ఇంత, పెన్షను ఇంత, రేషను బియ్యం, ముసల్దాని బిళ్లలు ధర్మాసుపత్రిలోనే ఇస్తారు, సైకిలు ట్యూబు. "పదమూడొందలు మిగులుద్ది. ఒక్కో నెల పద్నాలుగు. రాసుకో." కరిముల్లా పెన్ను ఆపాడు. "చాచా, వెయ్యి దాటితే పేరు పోద్ది. తొమ్మిదొందలని వెయ్యనా?" జాలి పడే అన్నాడు ఆ మాట, అది జాలే అనుకున్నాడు. పీరు అతని మొహంలోకి చూసి నవ్వాడు, ముందు పళ్లు రెండు లేవు. "ఏం బాబూ, రోజాలో ఉన్నోడి చేత దొంగలెక్క చెప్పిస్తావా? మిగిలిందాన్ని మిగల్లేదంటే ఇచ్చినోడు ఏమనుకుంటాడు? ఇంకో ఏడు ఇద్దామనుకున్నోడు కూడా మానుకుంటాడు." అని, ఆ పైన లోపలికి వెళ్లి వంద కాగితం తెచ్చి, ఈ ఏడు నా చందా రాసుకో అన్నాడు. రసీదు రాయించుకుని రెండుసార్లు మడిచి టోపీ మడతలో పెట్టుకున్నాడు. కరిముల్లా గట్టు దిగి బండి దగ్గరకొచ్చి తాళం పెట్టకుండా చాలాసేపు నిలబడ్డాడు. అతనిలో అప్పుడు లేచింది సంతోషం కాదు, అభిమానం కాదు. ఆ పదమూడు వందల మీద అసూయ. ఆరేళ్లు తను సంచీలు మోసిన ఇంటి మీద, ఒంటిగది మీద, సైకిలు మీద అసూయ. పీరుకి వాయిదాలు లేవు, ఎవరూ ఇవ్వరు కాబట్టి. పీరు పేరు బల్ల మీద ఎవరూ రాయరు కాబట్టి ఏడున్నర వేలు అడ్వాన్సు తీసుకోడు.

ఇంకా పన్నెండు నిమిషాలు. వరసలు నిండాయి. మాటలు తగ్గాయి. జేబులో ఫోను రెండుసార్లు వణికింది, తీసి చూశాడు. జుబియా. 'అబ్బాజాన్, మన పేరు ఉందా?' అని ఉంది, దాని కింద 'లేకపోయినా పర్లేదు' అని ఉంది. ఆ రెండో ముక్క చూసి అతను ఫోను బోర్లించాడు. పర్లేదు అనడం ఎవరు నేర్పారు ఈ పిల్లకి? తనే నేర్పాడు. పర్లేదు హనుమయ్య గారూ, పర్లేదు నాసిర్, పర్లేదు నజీమా, ఏడాదిన్నరగా ఇంట్లో వినబడే మాట అదొక్కటే. రోజా విడిచే ముందు అడిగినది అల్లా కాదనడని అందరూ చేతులు చాపారు. అతనూ చాపాడు. ఏటా ఈ వేళకి అడిగేది ఒకటే, యా అల్లా, నన్ను ఇచ్చేవాళ్లలోనే ఉంచు అని. ఇవాళ ఆ మాట పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. ఉంచాడుగా. అడిగినట్టే ఉంచాడు. బంగారం లేకపోయినా, కవరు లేకపోయినా, ఇచ్చేవాళ్లలోనే ఉంచాడు, ఇంకేం అడగాలి? ఎదురుగా పీరు కళ్లు మూసుకుని, అరచేతుల్లోకి ఏదో పడుతున్నట్టు వాటిని కదలకుండా పట్టుకున్నాడు. ఆ చేతులు ఆరేళ్లు తీసుకున్నాయి, తీసుకున్నందుకు సన్నబడలేదు, వంకర పోలేదు. తీసుకోవడం తప్పని ఆ ముసలాయనకి ఎవరూ చెప్పలేదేమో. తప్పయితే అల్లా దాన్ని ధర్మంలో ఎందుకు పెడతాడు? ఇచ్చేవాడి వంతు ఒకటి రాసి, తీసుకునేవాడి వంతు కూడా రాశాడు కదా, మరి ఆ రెండో వంతులో తన పేరు పడితే అది ఎవరి రాత? ఉండనీ. ఉండనీ, సున్నా నిజమేగా. అనుకోగానే, నడుం చుట్టూ ఎప్పటి నుంచో బిగించి ఉన్నదేదో వదులైనట్టు, ఊపిరి కిందిదాకా దిగింది. కమిటీలో లిస్టు చదివేటప్పుడు తల వంచుకోడు. ఎవరైనా ఏంటి భాయ్ అంటే అవును అంటాడు. ఏడెనిమిది మాటలు కూడా అక్కర్లేదు, ఒక్క మాట. ఇంటికెళ్లి చెప్పులు విప్పి, జుబియా ఎదురుగా కూర్చుంటాడు.

అజాన్ వినబడింది. ఖర్జూరం తియ్యగా నాలుక మీద విచ్చుకుంది. గంజి గిన్నెలు చేతులు మారాయి. "కరిముల్లా భాయ్, మీ రోజున గంజి రుచే వేరు" అన్నాడు ఎవరో, "మిగతా రోజుల్లో కైమా వెతుక్కోవాలి, ఇవాళ గంజి వెతుక్కోవాల్సొస్తోంది" అన్నాడు ఇంకొకడు, నవ్వులు. అతనూ నవ్వాడు, ఈసారి తేలిగ్గానే. నమాజులో నుదురు చాపకి ఆనినప్పుడల్లా ఆ ఒక్క మాట పోయిందేమో అని చూసుకున్నాడు. అక్కడే ఉంది.

నమాజు కాగానే కమిటీ గదిలో మిగతా ఐదుగురూ కూర్చున్నారు. అతను కూర్చోబోతుంటే నాసిర్ లేచి తన కుర్చీ ఇచ్చాడు.

"భాయ్, ఒక పొరపాటు జరిగింది, మీరు కోపం తెచ్చుకోకూడదు. మా అఫ్సాకి బొత్తిగా తెలివి లేదు, మీ ఇల్లు లిస్టులో రాసుకొచ్చింది. రాత్రి బాగా తిట్టాను. కరిముల్లా భాయ్ ఇంట్లో సున్నా ఏంటే, ఖాలా ఏదో సరదాకి అనుంటది, అది కూడా తెలుసుకోలేవా అన్నాను."

"అది కాదు నాసిర్," అన్నాడు కరిముల్లా.

"మీరేం అనొద్దు భాయ్, తప్పు మాది. మీ పేరు కొట్టేశాను. ఆ ఫీజు కాలవగట్టున ఒక కుర్రాడుంటే మధ్యాహ్నమే వాళ్లకి చెప్పేశాం, పాపం తల్లి ఏడ్చేసింది. ఇదిగో చూడండి, సరిచేశాను."

కాగితం అతని ముందు పెట్టాడు. షేక్ కరిముల్లా, అద్దె ఇల్లు, సభ్యులు నలుగురు. చివరి గడిలో అఫ్సా గుండ్రంగా వేసిన సున్నా మీద అడ్డగీత. పక్కన నీలం సిరాతో మూడు వేలు.

"గడి ఖాళీగా ఉంచకూడదు కదా, అందుకని నేనే మూడు వేలని వేశాను. తక్కువేశానా భాయ్?"

"తక్కువే! ఇవాళ్టి సమోసాలకే అయ్యుంటాయి మూడు వేలు," అన్నాడు కమిటీలో పెద్దాయన, అందరూ నవ్వారు.

బుడమేరు వచ్చిపోయాక ఆ ఇంట్లో నెలాఖరుకి డబ్బు మిగలడం అదే మొదటిసారి. కరిముల్లా ఆ అంకెకేసి చూశాడు. బాగుంది అది. నిజంగా ఉన్నట్టే ఉంది. దాచిపెట్టుకున్న మాట నాలుక మీదే ఉంది, అవును అంటే చాలు, కాదు ఆ సున్నాయే నిజం అంటే చాలు. కానీ ఆ ఫీజు ఇప్పుడు ఎవరిదో అయిపోయింది, తల్లి ఏడ్చిందట, ఇప్పుడు నిజం చెబితే ఆ నిజం ఎవరికి పనికొస్తుంది? అది సాకా, సబబా? ఐదుగురూ అతనికేసి ప్రేమగా చూస్తున్నారు. జేబులో ఫోను మళ్లీ ఒకసారి వణికి ఊరుకుంది.

నాసిర్ రెండో పుస్తకం తెరిచి పెన్ను విదిలించాడు.

"సరే, ఇచ్చేవాళ్ల లిస్టు మీతోనే మొదలెడదాం భాయ్. పోయినేడాది లాగే ఎనిమిదేనా?"

"రాసుకో," అన్నాడు కరిముల్లా.

రోజా విడిచి అప్పటికి పావుగంట దాటింది.